గంపలు దింపిన రోజు

"గంపలు దింపండి బాబూ! మనిషి పోతన్నాడు, గంపలు దింపండి!"

ఇన్నమ్మ ట్రాక్టరుకు అడ్డంగా నిలబడి అరుస్తోంది. వెనక చెట్టు కింద ఆమె మొగుడు జోజి వెల్లకిలా పడి ఉన్నాడు. తెల్లవారుజామున వాన పడింది, కొమ్మలు జారుతున్నాయి, కాస్త ఎండ రానివ్వండని కూలీలు మొత్తుకున్నారు. తోటను గుత్తకు తీసుకున్న కాంట్రాక్టరు దశరథరామయ్య వింటేగా! మధ్యాహ్నానికి లోడు బెజవాడ చేరాలన్నాడు. జోజి ఎక్కాడు, పైకొమ్మ మీది నుంచి జారాడు.

"ఇప్పుడు దింపితే కాయ నలుగుద్ది. లోడు అప్పజెప్పి రాగానే తీసుకెళ్దాంలే," అన్నాడు దశరథరామయ్య, చెప్పులకంటిన బురద గట్టుకేసి రాస్తూ. "ఆంజనేయులూ, ఏంటా చూపు? పోనీ!"

డ్రైవరు ఆంజనేయులు తల వంచుకుని, ఇన్నమ్మను తప్పించి ట్రాక్టరు పోనిచ్చాడు. కూలీలు జోజిని నిచ్చెన మీద పడుకోబెట్టి రోడ్డు వైపు పరిగెత్తారు. ఆ నిచ్చెనకు ఒక పక్క కాత్యాయని కూడా చెయ్యి వేసింది. చాట్రాయి రోడ్డు ఎక్కకముందే జోజి ప్రాణం పోయింది.

కాత్యాయని ఆ తోటకు వచ్చింది మామిడి కోతల మీద క్లాసుకు ఒక వ్యాసం రాద్దామని. పేపర్లు జిల్లాకో పేజీ తెచ్చి, కొత్తగా పుట్టిన ప్రతి మండలానికీ విలేకరి కావాలంటున్న రోజులవి. నూజివీడులో ఒక కాలేజీ సాయంత్రంపూట జర్నలిజం కోర్సు పెట్టింది. అర్చకుడు సోమయాజులుగారి కూతురు విలేకరేమిటని ఊరు ముక్కున వేలేసుకున్నా ఆమె మానలేదు. కోర్సు అయ్యాక చాట్రాయి మండలం ఆమెకే ఇప్పిస్తానని మాస్టారు ప్రభాకరరావు మాటిచ్చాడు. ఆయన పగలు పేపరుకు నూజివీడు విలేకరి, సాయంత్రం ఈ పిల్లలకు గురువు.

మర్నాడు పేపరు చూసి కాత్యాయనికి ఒళ్ళు మండింది. "కాయల దొంగతనానికి చెట్టెక్కి వ్యక్తి మృతి" అని వేశారు. కింద "పోలీసులు తెలిపారు" అని ఉంది.

"సార్, నేను అక్కడే ఉన్నానండి. ఆయన కూలికొచ్చాడు. దొంగ కాదు," అంది క్లాసులో లేచి నిలబడి.

"నువ్వు చూస్తే వార్త అవదమ్మా. ఎవరు చెప్పారన్నది ఉండాలి. మొదటి పాఠం అదేగా?" ప్రభాకరరావు నవ్వాడు. "ఒక్క కూలీ పేరు పట్టుకురా. వేయిస్తాను."

తొలికోత రసాల గంప విలేకరి ఇంటికి వెళ్ళడం ఆ ప్రాంతంలో ఆనవాయితీ. దాన్ని లంచమని ఎవరూ అనరు, మర్యాద అంటారు. పాపం, కాత్యాయనికి ఈ మర్యాద సంగతి ఇంకా తెలియదు. గురువు మాట నమ్మి, కూలీల పేటకు వెళ్ళింది.

పేటంతా ఇన్నమ్మ గుడిసె ముందు చేరింది. కోతల్లో జోజికి జతగా, కాయ నేల పడకుండా కింద చిక్కం వల పట్టే మంగమ్మ అందరికంటే ముందు లేచింది.

"పేరు పడితే రేపు తోటలో అడుగెయ్యనిత్తాడా? నీకు ఉజ్జోగం వత్తది అమ్మాయిగారూ, మాకేం వత్తది?"

కాత్యాయని కలం దించింది. మంగమ్మ అడిగినదాంట్లో తప్పేముంది?

ఇన్నమ్మ కళ్ళు తుడుచుకుంది. "నా పేరు రాయండి. రేపు నా పిల్లల్ని దొంగ పిల్లలంటే నేను తట్టుకోలేను."

ఆ ఒక్క పేరుతో కాత్యాయని వార్త రాసి మాస్టారి చేతికిచ్చింది. పేపర్లో అక్షరం రాలేదు. పేరు మాత్రం దశరథరామయ్య ఇంటికి చేరింది. మొగుడితో కలిసి కాయలు దొంగిలించిందని కేసు కట్టి, ఎస్సై ఇన్నమ్మను జీపెక్కించుకుపోయాడు.

"ఆ కాగితం ఎవరికిచ్చారండీ?" కాత్యాయని నేరుగా క్లాసుకు వెళ్ళి ప్రభాకరరావును నిలదీసింది.

"లోకం తెలుసుకో అమ్మా. ఇంతకీ నీకు చాట్రాయి కావాలా, వద్దా?"

"వద్దండి."

ఆమె బయటికి నడిచింది. ఆమె వెనకే బెంచీల మీది పిల్లలు ఒకరొకరుగా లేచారు.

పేటలో మంగమ్మ తిట్టిన తిట్లన్నీ కాత్యాయని తలవంచుకుని పడింది. "నాదే తప్పు. ఒక్కరి పేరే రాశాను," అంది చివరికి.

మంగమ్మ చుట్టూ ఉన్నవాళ్ళను చూసింది.

"ఒక్క పేరుంటే ఒక్కదాన్నే పట్టుకుపోయారు. అయితే అందరివీ రాయండి. ఎంతమందిని మోత్తదో ఆ జీపు, చూద్దాం."

"పని పోద్ది మంగమ్మా!" అన్నారెవరో.

"కాయ చెట్టు మీద మనకోసం ఆగుద్దా, వాడికోసం ఆగుద్దా? మనం ఎక్కకపోతే ఎవడు కోత్తాడు?"

ఒకరి తర్వాత ఒకరు వచ్చి కాత్యాయనికి పేర్లు చెప్పారు.

పొద్దున్నే కాత్యాయనీ, క్లాసు వదిలొచ్చిన పిల్లలూ తోటలోని గంపల షెడ్డు గోడకు పెద్ద కాగితాలు అంటించారు. పేపరు సిరా కంటే నల్లగా, కుంచెతో దిద్దిన అక్షరాలు: "జోజి కూలీ. దొంగ కాదు." కాత్యాయని గొంతెత్తి చదివింది. వాన, జారిన కొమ్మ, కదిలిపోయిన ట్రాక్టరు, అన్నీ చదివింది. చివర పేర్లు చదువుతుంటే, పేరు గలవాళ్ళు "నేను చెప్పాను!" అని ముందుకొస్తున్నారు.

దశరథరామయ్య ఊగిపోతూ వచ్చాడు. "చదివింది చాలు! చెట్లెక్కండి. కాయ పండిపోతోంది!"

"పండనీ!" తోటంతా అరిచింది.

లోడుతో సిద్ధంగా ఉన్న ట్రాక్టరు ఇంజను ఆగింది. ఆంజనేయులు కిందికి దూకాడు.

"నా పేరు రాయలేదేంటమ్మా? దింపొద్దన్న మాట నా చెవులతో విన్నాను. బండి తోలింది నేనే. రాయండి." అతని కళ్ళు నిండిపోయాయి. జనం వైపు తిరిగాడు. "గంపలు దింపండి!"

దింపారు. చేతి నుంచి చేతికి, మెల్లగా, నీడలోకి చేర్చారు. ఒక్క కాయ నలగలేదు. ఇంత పని ఆ రోజు చేసి ఉంటే జోజి బతికేవాడేమో! ఆ తలపుకే ఆడవాళ్ళు భోరుమన్నారు. ఏడుస్తూనే ట్రాక్టరెక్కారు. అందులో పట్టనివాళ్ళు పోలీస్ స్టేషను దాకా వెనక నడిచారు.

స్టేషను గేటు దగ్గర ఎస్సై లాఠీ అడ్డం పెట్టాడు. "ఎవరు నువ్వు?" అన్నాడు కాత్యాయనితో.

"విలేకరినండి."

"ఏ పేపరు?"

"తోటలో గోడ మీద ఉంది. వెళ్ళి చదువుకోండి."

"నోరు లేస్తోందే! నిన్నూ లోపలెయ్యాలి. ఎవరు చెప్పారు నీకు ఇదంతా? పేర్లు చెప్పు."

ఆమె నోరు తెరిచేలోపే వెనక నుంచి వినిపించింది.

"మంగమ్మ!"

"ఆంజనేయులు!"

పేరు మీద పేరు లేచింది. కానిస్టేబుళ్ళు కాత్యాయనిని రెక్క పట్టి లోపలికి లాగారు. గేటుకు గొలుసు వేశారు. పేర్లు ఆగలేదు. ఆ కేకల మధ్యలోంచి, లాకప్పు ఊచల వెనక నుంచి మరో గొంతు ఖణేల్‌మంది.

"ఇన్నమ్మ! జోజి పెళ్ళాన్ని! మొదట చెప్పింది నేనే!"