పడవల పట్టీకి కాపలా

నేను ఒక తాళాన్ని. కప్ప లేదు, చెవి లేదు, ఇనుము అసలే లేదు. కంప్యూటరును నడిపించే ఆపరేటింగ్ సిస్టంలో, ఫైళ్లను చూసుకునే కోడు మధ్య నాలుగు వరుసలు, అంతే నా ఒళ్లు. ఒక ఫైలులో ఒకరు రాస్తుంటే రెండోవారిని కాసేపు ఆగమనడం నా పని. ఆ కాసేపే నేను బతికుంటాను. మిగతా వేళల్లో ఉన్నానో లేనో నాకే తెలియదు. నిద్రలో అలల చప్పుడు విన్నట్టు ఉంటుంది.

నన్ను రాసింది భానోజీ అనే ఇంజనీరు. పెట్టింది ఒక చేపల రేవు ఆఫీసులో. వేటకు వెళ్లిన పడవలు, తిరిగొచ్చినవి, అన్నిటికీ ఒకటే పట్టీ. రెండు కిటికీలు, రెండు కంప్యూటర్లు. ఒకదాని దగ్గర నూకరత్నం వెళ్లే పడవలు రాస్తుంది, రెండోదాని దగ్గర పైడిరాజు వచ్చేవి రాస్తాడు. పైడిరాజు మహానుభావుడు. పట్టీ తెరిచిపెట్టి టీకి వెళ్లిపోతాడు. ఆయన వచ్చేదాకా నేను నూకరత్నాన్ని ఆపాలి. తిట్లు మాత్రం నాకు.

“ఎప్పుడు సూసినా ఆగమంటాదండి ఇది. పడవలోలు కిటికీకాడ గోలెడతన్నారు,” అని ఆమె భానోజీకి చెప్పింది.

టీ మాన్పించడం కంటే నన్ను మాన్పించడం సులువు కదా. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, భానోజీ నా వరుసల ముందు రెండేసి గీతలు పెట్టాడు. గీతలున్న వరుసను యంత్రం చదవదు. నాకు మగత కమ్మింది.

ఆ మగతలోనే చూశాను. ఓ ఉదయం పైడిరాజు పట్టీ తెరిచి టీకి వెళ్లాడు. ఈలోగా దానయ్య పడవ వేటకు బయలుదేరిందని నూకరత్నం రాసి సేవ్ చేసింది. పైడిరాజు తిరిగొచ్చి, తన ముందు తెరిచి ఉన్న పాత పట్టీలోనే ఇంకో పడవ వచ్చినట్టు రాసి, దాన్ని కొత్తదాని మీద సేవ్ చేశాడు. దానయ్య పడవ చెరిగిపోయింది. కేక వేద్దామనుకున్నాను. గొంతేది?

మధ్యాహ్నం తుపాను హెచ్చరిక వచ్చింది. పట్టీలో ఉన్న పడవలన్నిటినీ వైర్‌లెస్‌లో పిలిచారు. అన్నీ ఒడ్డు చేరాయి. రోజుకు వంద పడవలు రాసే నూకరత్నానికి దానయ్య గుర్తుకే రాలేదు. పైడిరాజు కిటికీ మూయబోయాడు.

అప్పుడు వచ్చింది దానయ్య భార్య కాసులమ్మ. చేతిలో వలతాడు ముక్క, దానికి ఒక ముడి. మొగుడు వేటకెళ్లేటప్పుడు ముడి వేస్తుంది, ఒడ్డెక్కాక తన చేత్తోనే విప్పుతుంది. మధ్యలో ఇంకొకరిని ముట్టనివ్వదు.

“పట్టీలో నేదమ్మా. ఏటకి ఎల్లనేదేమో,” అన్నాడు పైడిరాజు.

“నీ పట్టీ ఏటి సెప్తే నాకేటి బాబూ. ముడి నానింకా ఇప్పనేదు. మావోడు నీటి మీదే ఉన్నాడు.”

నూకరత్నం ఆ ముడిని చూసింది, పట్టీని చూసింది, మైకు అందుకుంది. మూడోసారి పిలిస్తే దానయ్య పలికాడు. వల లాగుతున్నాడట, తుపాను కబురే తెలియదట. గాలి ముదరకముందే ఒడ్డు చేరాడు. తడి ఇసుకలో నిలబడి కాసులమ్మ తన చేత్తోనే ముడి విప్పిందని నూకరత్నం చెబుతుంటే విన్నాను.

మర్నాడు భానోజీ గీతలు తీసేశాడు. ఇప్పుడు పైడిరాజు పట్టీ మూసి మరీ టీకి వెళ్తున్నాడు. నేను మళ్లీ కాసేపు బతికి, కాసేపు నిద్రపోతున్నాను. ఒక కల వస్తూ ఉంటుంది. అందులో నేను కోడును కాను, వలతాడు ముక్కను. ఎవరో నన్ను గట్టిగా ముడివేసి, సముద్రం వైపు చూస్తూ కూర్చుని ఉంటారు.