కుక్క చొక్కా

జిబెక్ పిండి పిసుకుతున్నప్పుడే అత్తగారికి ముఖ్యమైన సంగతులు గుర్తొస్తాయి. మోచేతుల దాకా పిండిలో ఉన్న మనిషి లేచి పోలేదు, తలుపు వేసుకోలేదు, చెవులు మూసుకోలేదు. పెద్ద కోడలితో మాట్లాడటానికి ఇంతకన్నా మంచి సమయం ఉండదని కాలిపా ఏనాడో కనిపెట్టింది.

"కెలిన్, రేపు కుక్కల్ని కాల్చే బండి మన వీధికొస్తోందట. ఆ ముసలిదాని గొలుసు విప్పి గేటు బయటికి తీసుకెళ్ళు. నువ్వు పిలిస్తే తప్ప కదలదు కదా మహారాణి" అంది పొయ్యి పక్కన బొంత మీద కూర్చుని, పొద్దుటి నుంచి మూడోసారి టీ తాగుతూ. "చుట్టాలు దిగేలోపు పని అయిపోవాలి."

కెలిన్ అంటే కోడలు. పెళ్ళయిన రోజు నుంచి ఆ ఇంట్లో జిబెక్‌కి అదే పేరు. నీళ్ళు తెచ్చేటప్పుడూ అదే, పేడ ఎత్తేటప్పుడూ అదే. అసలు పేరుతో పిలిచే మనిషి ఊళ్ళో ఒక్కరే ఉన్నారు, ఆవిడ రష్యావాళ్ళ ముసలమ్మ.

"అపా, దాన్ని రైసా పెత్రోవ్నా దగ్గర వదిలేసి వస్తాను. ఇంటి ఛాయలకే రాదు" అంది జిబెక్ అత్తగారితో, తల ఎత్తకుండా.

"ప్రాణంతో ఉంటే వస్తుంది. దానికి దారి బాగా తెలుసు. ఒకసారి వచ్చింది, చాలదూ? ఈ బిడ్డనైనా బతకనివ్వు."

ఆ మాట అన్నాక ఇంకేం మిగలదు. జిబెక్ పిండి మీదికి ఒరిగి పిడికిళ్ళతో గుద్దింది. రేపటికి బోర్సోక్‌లు, నూనెలో పొంగే పిండి బిళ్ళలు, వేయించాలి. మరిది కొడుక్కి రేపటితో నలభై రోజులు నిండుతాయి. పుట్టిన దగ్గర్నుంచి తొడిగిన మొదటి చొక్కాని ఆ రోజు విప్పి, అందులో మిఠాయిలు మూటకట్టి, కుక్క మెడకు కట్టి తరుముతారు. పిల్లలు అరుచుకుంటూ దాని వెంటపడి మిఠాయిలు లాక్కుంటారు. బిడ్డకు రావలసిన రోగాలూ, తగలవలసిన దిష్టీ ఆ చొక్కాతో పాటు కుక్క మోసుకుపోతుందని నమ్మకం. కుక్క చొక్కా అనే అంటారు దాన్ని. ఇంటి కీడంతా మోయడానికి కుక్క కావాలి, గడప మాత్రం దాటి రాకూడదు. కోడళ్ళకి ఈ ఏర్పాటు కొత్తేమీ కాదు.

జిబెక్ కొడుకు ఎర్బోల్‌కీ అలాగే చేశారు. అప్పుడు చేసిన పొరపాటల్లా బయటి కుక్కను తేకపోవడం. ఇంట్లో అక్తోష్ ఉంది కదా అనుకున్నారు. తెల్లటి రొమ్ముతో, పెద్ద చెవులతో, అందరి చేతులూ నాకే కుక్క. చొక్కా కట్టి గేట్లోంచి తోస్తే పిల్లల కేకలకి బెదిరి వీధి చివరి దాకా పరిగెత్తింది. ఆ తర్వాత ఎటు పోవాలో దానికి తెలియలేదు. తనకి తెలిసిన చోటు ఒక్కటే. వెనక్కి తిరిగి, పిల్లల కాళ్ళ మధ్య నుంచి దూసుకొచ్చి, టీ నీళ్ళు కాగే సమోవార్ పక్కన కూర్చున్న జిబెక్ ఒడిలో తల పెట్టేసింది. మెడకి చొక్కా బిగుసుకుపోయి రొప్పుతోంది. జిబెక్ ఏమీ ఆలోచించలేదు, ఊపిరాడటం లేదని ముడి విప్పింది.

ఆ రాత్రికే ఎర్బోల్ పోయాడు.

అప్పట్నుంచి ఆ ఇంట్లో దోషులు ఇద్దరు. "కీడు మోసుకుపొమ్మంటే గుమ్మంలోకి తెచ్చింది అది. రెండు చేతులా అందుకుంది ఇది" అని కాలిపా వచ్చిన వాళ్ళందరికీ చెప్పేది, జిబెక్ చేత్తో పోసిన టీ తాగుతూనే. అక్తోష్‌ని పశువుల కొట్టం వెనక కట్టేశారు. పూర్తిగా పడుకోవడానికి కూడా చాలనంత పొట్టి గొలుసు. కాల్చి చంపకపోవడమే దయ అన్నాడు మొగుడు మెదెర్. జిబెక్‌ని కట్టెయ్యాల్సిన పని లేకపోయింది. అసలు విషయమేమిటంటే జిబెక్ కూడా నమ్మింది. ఏడాది పాటు అటు వెళ్ళలేదు, మిగిలిన రొట్టెలు దూరం నుంచి విసిరేసి వచ్చేసేది. తన మీద తనకున్న అసహ్యం కొంత ఆ మూగజీవి మీద పడేస్తే గుండె బరువు తగ్గేది. ఆడదానికి తన కింద కూడా ఒకరు దొరికితే ఎంత సుఖమో అప్పుడే తెలిసింది.

ఒక వేసవిలో గాలి ఇటు తిరిగి వాసన కొట్టింది. వెళ్ళి చూస్తే గొలుసు మెడ కండలోకి దిగిపోయి ఉంది, పుండు నిండా పురుగులు. అంత బాధలోనూ ఆమెను చూసి తోక ఆడించింది. ఆ తోక ఆడించడాన్ని జిబెక్ భరించలేకపోయింది. పిండి తెస్తానని సంచీ పట్టుకుని బయల్దేరి పాత ఉన్ని గోదాముకి పరిగెత్తింది. రైసా పెత్రోవ్నా ఒకప్పుడు సర్కారు పశువుల డాక్టరు. ఉద్యోగం అయిపోయాక కొడుకు దగ్గరికి పోకుండా, ఊరు వదిలేసిన కుక్కల్నీ పిల్లుల్నీ ఆ గోదాములో పెట్టుకుని ఉంటోంది. మెదెర్ బిష్కెక్ పట్నానికి ప్రయాణికుల వ్యాను తోలుకెళ్ళిన రోజు, కాలిపా కునుకు తీసే వేళ, ఆవిడ కొట్టం వెనక్కి వచ్చింది. పుండు చూసి నోరారా తిట్టింది.

"ఎవరి నిర్వాకం ఇది?"

జిబెక్ తల వంచుకుంది.

"సిగ్గు తర్వాత పడుదువుగాని. ముందు తల గట్టిగా పట్టుకో."

అలా మొదలైంది. తల పట్టుకోవడం, కట్టు కట్టడం, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసిన ఆడకుక్కలకి మెలకువ వచ్చేదాకా దుప్పటి కప్పి కూర్చోవడం. బజారుకని చెప్పి వెళ్ళి అవన్నీ చేసి, బజారు పనీ చేసుకుని, రెండు పనుల అలసటతో ఇంటికొచ్చి ఒక్క పనికే తిట్లు తినేది. ఇద్దరూ కలిసి పట్టణ కార్యాలయానికి కూడా వెళ్ళారు, కాల్చడం ఆపండి, ఆపరేషన్ చేసి చెవికి గుర్తు వేసి వదిలేస్తాం, మీ ఖర్చే తగ్గుతుంది అని చెప్పడానికి. అక్కడి అధికారి రైసా మాట సగంలో ఆపి జిబెక్ వైపు తిరిగాడు. "నీకు ఇంట్లో పనేం లేదా, చెల్లెమ్మా?" అన్నాడు. పనా! జిబెక్‌కి నవ్వొచ్చింది. ఇంటికొచ్చాక ఆ నవ్వే ఏడుపయింది.

మెదెర్‌కి తెలిసిన రోజు గిన్నె విసిరాడు. "బిడ్డని నిలుపుకోలేనిది కుక్కల ఆసుపత్రి పెట్టిందని వ్యానులో ఎక్కిన ప్రతివాడూ నవ్వుతున్నాడు. నా మొహం ఎక్కడ పెట్టుకోను?" తన మొహం ఎక్కడ పెట్టుకోవాలో మాత్రం ఎవరూ చెప్పలేదు ఆమెకి.

ఒకనాడు రైసా చేతులు కడుక్కుంటూ అడిగింది, అసలు ఆ కుక్క చేసిన నేరం ఏమిటని. జిబెక్ అంతా చెప్పింది. ఆవిడ చొక్కా గురించి ఒక్క మాట అడగలేదు.

"ఆ పొద్దున బిడ్డ ఒళ్ళు వెచ్చగా ఉందా?"

"ఉంది. పాలు తాగలేదు. ఎగశ్వాస కూడా."

"ఎవరికైనా చెప్పావా?"

"చెప్పాను. చుట్టాలు కూర్చున్నారు, నువ్వు లేస్తే టీ ఎవరు పోస్తారన్నారు. కుక్క చొక్కా అయిపోతే అదే తగ్గుతుందన్నారు."

రైసా నల్లా కట్టేసి తువ్వాలు వెతుక్కుంది. ఆవిడ ఏదైనా అని ఉంటే జిబెక్ వాదించేదేమో, అత్తవారిని వెనకేసుకొచ్చేదేమో. ఆవిడ ఊరుకోవడంతో ఆ జవాబు తనలోనే ఉండిపోయింది. కొడుకు పోయిన ఆ రోజంతా సమోవార్ పక్క నుంచి కదలలేదు తను. ఇక్కడ టీ గిన్నె నిండా పొయ్యరు. నిండా పోస్తే ఇక లేవండి అన్నట్టు. సగం కన్నా తక్కువ పోస్తూ ఉండాలి, వాళ్ళు తాగి ఇస్తూ ఉండాలి, మళ్ళీ పోస్తూ ఉండాలి. పక్క గదిలో పిల్లాడు మూలుగుతూనే ఉన్నాడు. లేవబోయినప్పుడల్లా ఒక గిన్నె ఎదురొచ్చింది. చివరి చుట్టం వెళ్ళాక పరిగెత్తేసరికి పెదాలు నీలంగా ఉన్నాయి. మెదెర్ వ్యాను తీశాడు గానీ, ఆసుపత్రి గేటు చేరేసరికి ఒళ్ళోని బరువు మారిపోయింది. తల్లికి ఆ తేడా తెలుస్తుంది.

రైసాకి చెప్పుకున్న రోజు నుంచి జిబెక్ కుక్క కళ్ళలోకి చూడగలిగింది. ఇంట్లో వాళ్ళ కళ్ళలోకి చూడటమే కష్టమైంది.

పిండి పిసికిన మర్నాడు పొద్దున్నే చుట్టాలు రావడం మొదలుపెట్టారు. ఈసారి కుక్కను పక్క ఊరి నుంచి తెప్పిస్తున్నారు. తోటికోడలు నూర్జాత్, నిన్నమొన్న పిల్లాణ్ణి కన్న పిల్ల, అప్పటికే సమోవార్ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. జిబెక్ బోర్సోక్‌ల పళ్ళెం దించుతుండగా బయట బండి ఆగిన చప్పుడైంది.

"వెళ్ళు" అంది కాలిపా, చుట్టాలకి వినబడకుండా.

జిబెక్ కొట్టం వెనక్కి వెళ్ళి గొలుసు విప్పింది. ఇన్నేళ్ళలో మొదటిసారి గేటు వైపు నడిపిస్తుంటే అక్తోష్ షికారుకి అనుకుంది కాబోలు, బిగుసుకుపోయిన కాళ్ళతోనే గంతు వెయ్యబోయి తూలింది. ఒళ్ళంతా ఆడిపోయేలా తోక ఊపుతోంది. ఈ చేతుల్ని నమ్మే కదా వస్తోంది. ఆ నమ్మకం ఉందనే కదా ఈ పని తనకి అప్పజెప్పింది. పట్టుకుంటే చాలు, మిగతాది మగవాళ్ళు చూసుకుంటారు. తను పట్టుకుంది, ఇక్కడి దాకా పట్టుకునే వచ్చింది.

బండి పక్కన దూది కోటు వేసుకున్న మనిషి తుపాకీ చంకన పెట్టుకుని సిగరెట్ కాలుస్తున్నాడు. మెదెర్ అతనితో నవ్వుతూ మాట్లాడుతున్నాడు.

"దీనికెవరూ లేరు కదా? ఇంటి కుక్కని కాలిస్తే మళ్ళీ మా మీద పడి ఏడుస్తారు."

"అబ్బే, ఎవరిదీ కాదు. ఎక్కడ్నుంచో వచ్చి ఇక్కడ పడుంటుంది."

"మెడ మీద గొలుసు మచ్చ ఉందే."

"ఎవడో కట్టుంటాడు. మనకెందుకు? కానివ్వు, లోపల జనం ఉన్నారు."

అతను సిగరెట్ పారేశాడు. "అక్కా, నువ్వు పక్కకి జరుగు."

అక్తోష్ ఆమె మోకాలికి ఆనుకుని కూర్చుంది.

"నాది" అంది జిబెక్.

ఎవరో వేరే మనిషి అన్నట్టు వినబడింది ఆమెకే. ఆ మాట ఈ ఇంట్లో ఎప్పుడూ అనలేదు తను. ఆవు అత్తగారిది, పొయ్యి అత్తగారిది, చెవులకున్నవి ఇంటివి. పిల్లాడు ఉన్నంతకాలం వంశానికి చెందినవాడు, పోయాక మాత్రం నీ బిడ్డ అన్నారు.

"ఈ కుక్క నాది. నేనే తిండి పెడతాను. పేరు అక్తోష్."

తుపాకీ మనిషి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "మీ కాపురం గొడవ మీరు తేల్చుకోండి. ఇవాళ్టికి పోతున్నా. వీధిలో ఒంటరిగా కనబడితే మాత్రం వదలను" అని బండెక్కాడు.

మెదెర్ పళ్ళ బిగువున అన్నాడు, "దాంతో ఈ గేటు లోపల అడుగు పెట్టావో..."

"పెట్టను."

గొలుసు కొట్టం వెనకే వదిలేసింది. ఆ పుండు మచ్చ మీద మళ్ళీ గొలుసు వెయ్యనూ వెయ్యదు. జిబెక్ తలగుడ్డ విప్పి, మడత పెట్టి, అక్తోష్ మెడ చుట్టూ వదులుగా చుట్టి కొసలు చేత్తో పట్టుకుంది. గుమ్మంలోకి వచ్చిన కాలిపా బుగ్గలు నొక్కుకుంది.

"తల మీద గుడ్డ లేకుండా! పెద్దవాళ్ళ ముందు! పిచ్చెక్కిందా కెలిన్ నీకు? ముందు ఆ గుడ్డ..."

"అపా, నా కొడుకుని ఇది చంపలేదు" అంది జిబెక్. గొంతు పెంచలేదు. "మీకూ తెలుసు."

గొడవ విని నూర్జాత్ చేతిలో టీ కెటిల్‌తోనే గేటు దాకా వచ్చేసింది. కళ్ళ కింద నిద్రలేని నలుపు. లోపల్నుంచి పిల్లాడి ఏడుపు, దాని మీద ఎవరో ముసలాయన టీ, టీ అని కేకేయడం రెండూ కలిసి వినిపిస్తున్నాయి.

"అక్కా, ఎక్కడికి పోతున్నావు?" అంది ఆ పిల్ల భయంగా.

జిబెక్ దగ్గరికెళ్ళి ఆ పిల్ల చేతిలోని కెటిల్ తీసుకుని గోడ పక్కన కింద పెట్టింది.

"నూర్జాత్, బిడ్డ ఒళ్ళు వెచ్చబడితే ఎవర్నీ అడక్కు. ఎత్తుకుని వెళ్ళిపో."