ఫ్రీ లేని పళ్ళచక్రం

నేను ఒక పళ్ళచక్రాన్ని. సైకిలు వెనక చక్రానికి కుడిపక్కన గొలుసును పట్టుకుని తిరిగే చిన్న ఇనప బిళ్ళ ఉంటుంది చూడండి, అదే నేను. "ఓస్, ఫ్రీవీలా!" అంటారేమో. అక్కడే నాకు ఒళ్ళు మండేది. ఫ్రీవీలు వేరు, నేను వేరు. మీరు తొక్కడం ఆపేసినా చక్రాన్ని దాని దారిన పోనిచ్చి, తను టికటికమని వాగుతూ కూర్చునేది ఫ్రీవీలు. నాకా వేషాలు లేవు. చక్రం తిరిగినంతసేపూ నేను తిరుగుతాను, నాతో గొలుసు తిరుగుతుంది, గొలుసుతో పెడళ్ళు తిరుగుతాయి. చక్రం ఆగేదాకా పెడలు ఆగదు. నామీద ఎక్కి కాళ్ళు ఆడించకుండా షికారు చేస్తానంటే కుదరదు. చాలామంది దీన్ని రోగం అనుకుంటారు. ఆ పొరపాటు వల్ల ఒక మనిషికి ఎంత పని జరిగిందో చెబుతాను, వినండి.

నేను పుట్టింది లూధియానాలో. ఎర్రగా కాల్చారు, గుద్దారు, పళ్ళు కోశారు, నూనెలో ముంచారు, అయిపోయింది. మనిషి పిల్లలకు పళ్ళు రావడానికి నెలలు పడుతుందట, ఎంత తీరుబడి జాతో! నన్ను పందెం సైకిళ్ళ కోసం చేశారు గానీ, కొన్నది మాత్రం ఒక సర్కస్ కంపెనీ. అక్కడ ఒక సన్నపాటి అమ్మాయి నన్ను ముందుకీ వెనక్కీ తొక్కేది. వెనక్కి తొక్కితే సైకిలు వెనక్కి పోవడం ఫ్రీవీలు తాతకైనా చేతకాదు. జనం ఈలలేసేవారు. ఈలలు ఆ పిల్లకే అనుకోండి, అయినా నాకూ కాస్త తలకెక్కాయి.

కాకినాడలో ఉండగా తుపానొచ్చి డేరా చిరిగిపోయింది. కంపెనీవాళ్ళు సామానంతా ఎవరికి దొరికింది వాళ్ళకి అమ్మేసి తలోదారీ పట్టారు. నేనున్న చక్రం జగన్నాథపురంలో సైకిలు కొట్టు నడిపే నూకరాజు చేతికొచ్చింది. ఆయనకి నాతో ఏం చెయ్యాలో తోచక గోడకి తగిలించాడు. అలా వేలాడుతుండగా ఒకరోజు లోవకుమారి ఆ కొట్టుకొచ్చింది.

అప్పటికి ఆమె ఇంటర్ చదువుతోంది. పసితనంలో పోలియో వచ్చి ఎడమకాలు చచ్చుపడింది. తొడమీద చెయ్యి ఆన్చి ఆ కాలిని ముందుకు నెట్టుకుంటూ నడిచేది. సైకిలు నేర్చుకోవాలని పట్టు. మామూలు సైకిలు ఎక్కితే కుడికాలు పెడలును కిందికి తొక్కేది, అంతే, అక్కడితో సరి. దాన్ని మళ్ళీ పైకి తేవాలంటే ఎడమకాలు తన వంతు తొక్కాలి. అది తొక్కదు. సైకిలు అటోఇటో ఒరిగేది. నూకరాజు, "ఇంద, ఇది సర్కస్ చక్రం, దీంతో చూడమ్మా," అని తమాషాకి నన్ను ఒక లేడీస్ సైకిలుకి ఎక్కించాడు. పాత ట్యూబు ముక్కతో ఆమె ఎడమ పాదాన్ని పెడలుకి కట్టాడు. ఆమె కుడికాలితో తొక్కింది. చక్రం దొర్లింది. దొర్లే చక్రం నన్ను తిప్పింది, నేను గొలుసును లాగాను, గొలుసు పెడలును లేపింది. పెడలుతోపాటు ఆ కాలూ లేచింది. ఆమె జగన్నాథపురం వంతెన దాకా అరుచుకుంటూ పోయింది. సర్కస్‌లో అన్ని ఈలలు విన్న నాకు ఆ అరుపు విన్నప్పుడు కలిగిన సంతోషం ఎప్పుడూ కలగలేదు.

చదువయ్యాక ఆమె ఒక రక్తపరీక్షల ల్యాబులో చేరింది. కాకినాడ నిండా పెన్షనర్లే. షుగరు పరీక్ష ఉన్నరోజు కాఫీ చుక్క తాగకుండా, పేపరు పట్టుకుని, గేటు దగ్గర కాపలా కాస్తుంటారు. లోవకుమారి తెల్లవారగానే సైకిలు మీద ఇంటింటికీ వెళ్ళి రక్తం తీసి, గొట్టాలు పెట్టెలో పెట్టుకుని ల్యాబుకి తెచ్చేది. "నీ పుణ్యం ఉంటుంది, రేపు ముందు మా ఇంటికి రా తల్లీ, కాఫీ లేక ప్రాణం పోతోంది," అని పెద్దమనుషులు బతిమాలేవాళ్ళు. కలెక్టరు కోసం కూడా అంతగా ఎదురుచూసి ఉండరు. ఆమెకి ఆ తిరుగుడంటే ప్రాణం.

ఇంతలో నూకరాజుకి చూపు మందగించి కొట్టు మూసేశాడు. మనుషులు భలే చిత్రమైనవాళ్ళు. పిల్లకి సంబంధం చూడాలంటే ఏడు తరాలు ఆరా తీస్తారు, వంకాయలు కొనాలన్నా పదిసార్లు తిప్పి చూస్తారు. సైకిలు పాడైతే మాత్రం దారిలో ఏ కొట్టు కనపడితే అందులోకి తోసేస్తారు. లోవకుమారీ అంతే చేసింది. రామారావుపేటలో పంచరు పడింది, ఎదురుగా సూరిబాబు కొట్టు కనిపించింది. "పంచరెయ్యండి, పక్క మేడమీద రక్తం తీసి వచ్చేస్తాను," అని పెట్టె పట్టుకుని వెళ్ళింది.

సూరిబాబు మంచివాడు. ఆ మంచితనమే మా కొంప ముంచింది. పంచరు వేసి చక్రం తిప్పి చూశాడు. పెడళ్ళు కూడా తిరిగాయి. చక్రం ఆగేదాకా అవీ ఆగలేదు. పక్కన టీ బండి అతనితో, "చూశావా, జామైపోయింది! ఆవిడ కాలు చూశావా? ఆ కాలేసుకుని ఈ జామైన సైకిలు తొక్కుతుందంటే, అసలు దేవుడున్నాడా?" అన్నాడు. వెంటనే నన్ను ఊడదీయడం మొదలెట్టాడు.

నేను వదులు కాకుండా నామీద కాపలాగా ఒక రింగు ఉంటుంది. దాని మర తిరగబడి ఉంటుంది, మిగతావి ఎటు తిప్పితే ఊడతాయో ఇది అటు తిప్పితే బిగుస్తుంది. సూరిబాబుకి అది తెలీదు. తిప్పాడు, బిగిసింది. సుత్తి తీశాడు. చక్రం నడుమ ఉండే హబ్బు మీద ఆ రింగు కూర్చునే మర కాస్తా నుజ్జయింది. మెరిసిపోయే కొత్త ఫ్రీవీలు బిగించి, నన్ను తుప్పు బోల్టుల డబ్బాలో పడేశాడు. ఆమెకి చెబితే మొహమాటపడుతుందని చెప్పనుకూడా లేదు.

ఆమె వచ్చింది, పెట్టె వెనక కట్టింది, పాదం పట్టీలో దూర్చింది, సైకిలు తోసింది. డబ్బాలో ఉన్న నాకు ఆ తర్వాత ఏమీ కనపడలేదు. టికటికమని ఫ్రీవీలు వాగుడు వినపడింది, ఆ వెంటనే సైకిలు పడ్డ చప్పుడూ గాజు పగిలిన చప్పుడూ వినపడ్డాయి.

మోచెయ్యి గీరుకుపోయి, చున్నీ నిండా ఎవరెవరిదో రక్తం పూసుకుని తిరిగొచ్చింది లోవకుమారి. "ఎవరు ముట్టుకోమన్నారయ్యా దాన్ని?"

"ఆయ్, జామైపోయిందండి. మీ కాలికి సుఖంగా ఉంటాదనండి, కొత్త ఫ్రీ ఏశానండి..."

"నా కాలు సంగతి నిన్నెవరడిగారు? పంచరెయ్యమన్నాను. ఆ పెడలు ఆగకూడదు. అది ఆగితే నేను ఆగిపోతాను!"

ఆమె డబ్బా బోర్లించి, బోల్టుల్లోంచి నన్నూ రింగునూ ఏరి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. "నేను బిగించేత్తానండి," అని అతను చెయ్యి చాచాడు. ముట్టుకుంటే ఊరుకోనంది.

గొట్టాలు పగిలిన పాపానికి పెద్దమనుషులందరూ మర్నాడు మళ్ళీ కాఫీ మానెయ్యాల్సి వచ్చింది. ఒకాయన ల్యాబుకి ఫోను చేసి చడామడా తిట్టాడు. ల్యాబు ఓనరు లోవకుమారిని పిలిచి మెత్తగానే చెప్పాడు. "నీమీద నాకు కోపం లేదమ్మా. బండున్న కుర్రాడొకడు దొరికాడు. సోమవారం పొద్దున్నకి నీ సైకిలు సిద్ధమైతే సరేసరి, లేకపోతే ఆ ఇళ్ళన్నీ అతనికే ఇచ్చేస్తాను. నువ్వు కౌంటర్లో కూర్చో, హాయిగా ఉంటుంది." ఆమె హ్యాండ్‌బ్యాగు పట్టీని ఎంత గట్టిగా నలిపిందో లోపలున్న నాకు తెలుసు.

అప్పుడు మొదలైంది మంచి కొట్టు కోసం వేట. చక్రం ఆటోలో, నేను బ్యాగులో. మొదట అద్దాల షోరూముకి వెళ్ళాం. అక్కడి కుర్రాడు నన్ను చూడగానే ఎగిరి గంతేశాడు. "ఫిక్సీ! హైదరాబాదులో ఇప్పుడిదే క్రేజండి!" అని ఫోనులో బొమ్మలు చూపించాడు. రంగురంగుల టైర్లు, సన్నటి హ్యాండిళ్ళు, అన్నిటికీ నాలాంటివాళ్ళే. నా జాతికి ఒక పేరుందని నాకు ఆరోజే తెలిసింది, పొంగిపోయాను. అంతలో అతను ఆమె కాలు చూశాడు. "మీకెందుకు మేడమ్, రిస్కు. గేర్లది తీసుకోండి," అన్నాడు. ఆమె ఎందుకు కావాలో చెబుతూనే ఉంది. ఆమె నోరు మాట్లాడుతుంటే అతని చూపు కాలుమీదే ఉంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

సినిమా రోడ్డులో రెండో కొట్టు పెద్దాయన నన్ను గోటితో గీకి, "ఈ తుప్పు ముక్క కోసం తిరుగుతున్నావా తల్లీ? ఇంట్లో మగవాళ్ళెవరూ లేరా?" అని అడిగాడు. మూడో అతను మహా మర్యాదస్తుడు. "ఎంత పనండీ, వదిలెయ్యండి, రేపొచ్చెయ్యండి," అన్నాడు. రేపు వెళితే మళ్ళీ రేపు రమ్మన్నాడు. ఈలోగా నన్ను ఫ్యాను గాలికి పేపరు ఎగరకుండా బరువు పెట్టుకున్నాడు. సర్కస్‌లో ఈలలు వేయించుకున్నవాణ్ణి, ఆఖరికి పేపరు మీద బరువునయ్యాను! ఆదివారం మధ్యాహ్నం ఆమె ఇక లాభం లేదని నన్నూ చక్రాన్నీ తీసుకుని ఆటో ఎక్కింది. దారి పొడవునా ఏడ్చింది. తెల్లారితే సోమవారం.

ఆటో రామారావుపేటలోకి వచ్చేసరికి సూరిబాబు కొట్టు ముందు జనం మూగి ఉన్నారు. ఆమె ఆటో ఆపించి దిగింది. మధ్యలో సూరిబాబు. ఎడమకాలు మోకాలి దగ్గర మడిచి తువ్వాలుతో కట్టేసుకుని, ఒంటికాలితో మామూలు సైకిలు తొక్కబోతున్నాడు. ఒక్క తొక్కు తొక్కాడు, పెడలు కిందికెళ్ళి అక్కడే ఆగింది, దభీమని పడ్డాడు. అప్పటికే మోచేతులు రెండూ చీరుకుపోయి ఉన్నాయి. "ఏం సూరిబాబూ, సర్కస్ కంపెనీ పెట్టావేంటి?" అని ఎవరో అరిచారు. అందరూ నవ్వారు.

అతను ఆమెను చూసి, కింద కూర్చునే దండం పెట్టాడు. "పెడలు ఆగితే నేనాగిపోతానన్నారు కదండీ ఆరోజు. అదేం మాటో ఎంతాలోచించినా బుర్రకెక్కలేదండి. అన్నం సయించట్లేదండి. కట్టుకుని చూత్తే తెలుత్తాదేమోనని..."

లోవకుమారి బ్యాగు తెరిచి నన్ను తీసి అతని చేతిలో పెట్టింది. "ఇది బిగించి తొక్కు."

సూరిబాబు ఆమె చక్రానికున్న ఫ్రీవీలు తీసి, నన్ను ఎక్కించి, ఆ చక్రాన్ని తన సైకిలుకి తగిలించాడు. కాలు మళ్ళీ కట్టుకున్నాడు. టీ బండి అతను వెనక నుంచి తోశాడు. కుడికాలు తొక్కింది. కిందికెళ్ళిన పెడలు ఆగలేదు, నేను దాన్ని పైకి లాక్కొచ్చాను. "వచ్చేత్తందండీ! దానంతటదే పైకొచ్చేత్తందండీ!" అని వీధంతా వినపడేలా అరిచాడు.

"అదేనయ్యా! నేను మొత్తుకున్నది అదే!" అంది ఆమె. నవ్విందో ఏడ్చిందో నేను తిరుగుతున్నాను గనక సరిగా చూడలేకపోయాను.

ఎక్కడం తెలిసిందిగానీ ఆగడం తెలీలేదు మహానుభావుడికి. కాలు బిగబట్టాడు. కాపలా రింగు పట్టే మర నుజ్జయిపోయింది కదా, నేను వదులై జారాను. సూరిబాబు సైకిలుతో సహా వెళ్ళి కొబ్బరిబొండాల బండిలో పడ్డాడు.

దులుపుకుని లేచి, తువ్వాలు విప్పుకుని, నన్ను చేతిలో పట్టుకుని వచ్చాడు. "రింగు మర నేనే పాడు చేశానండి. అది ఇంక పట్టదు. దీన్ని హబ్బుకి వెల్డింగు పెట్టించేత్తే జన్మలో ఊడదండి. కానీ పళ్ళరిగిననాడు హబ్బుతో సహా మార్చుకోవాల. చక్రం పుల్ల విరిగినా తియ్యడం కష్టమే. ఉన్నమాట చెబుతున్నానండి. పెట్టించమంటారా, వద్దా? మీరు చెప్పండి."

ఇన్ని కొట్లు తిరిగాం. అన్నిచోట్లా ఆమెకి ఏది మంచిదో వాళ్ళే చెప్పారు. "మీరు చెప్పండి" అన్నవాడు ఇతనొక్కడే. ఆమె ఒక్క క్షణం ఆలోచించి, "పెట్టించు," అంది.

రెండు సందుల అవతలే వెల్డింగు కొట్టు. ఆ మంట గురించి చెప్పను, లూధియానాలో పుట్టినరోజు గుర్తొచ్చింది. చల్లారాక చూసుకుంటే నేను హబ్బులో కలిసిపోయాను. లూధియానా నుంచి సర్కస్‌కి, సర్కస్ నుంచి గోడకి, డబ్బాకి, బ్యాగుకి, ఎన్ని చేతులు మారానో! ఇక మారను. ఆమె తిరిగినన్నాళ్ళూ తిరిగి, ఈ చక్రంతోనే పాత ఇనప సామాను కొట్టుకి పోతాను. నాకది లోటుగా అనిపించలేదు. మనుషులు పెళ్ళిలో ముడి వేసుకునేటప్పుడు ఎందుకు ఏడుస్తారో మాత్రం అప్పటికీ అర్థం కాలేదు.

సూరిబాబు ఆమె ఇంటి దగ్గరున్న సైకిలును తెప్పించి, చక్రాన్ని దానికి బిగించి, కొత్త ట్యూబు కోసి పెడళ్ళకి రెండు వైపులా పట్టీలు వేశాడు. "ఒక్కదానికే ఎందుకండీ, రెంటికీ ఏశాను," అన్నాడు. ఆమె ల్యాబు ఓనరుకి ఫోను చేసి, "రేపు నేనే వెళ్తున్నానండి, ఆ కుర్రాడికి చెప్పెయ్యండి," అంది. తర్వాత అరుగు ఆసరాతో సైకిలెక్కి, వీధి చివరిదాకా వెళ్ళి, తిరిగి కొట్టు వైపు వచ్చింది.

అప్పటికి వెల్డింగు అతను టీ తాగడానికి వచ్చాడు. మేము అతని ముందు నుంచే పోతుండగా, "కాలు బాగోని ఆవిడ కోసం అర్జెంటన్నావు, ఆవిడేదీ?" అని సూరిబాబుని అడగడం నాకు వినపడింది.

"అదిగో, సైకిలు మీద ఎళ్తంది కదా."

"ఆవిడా! ఏ కాలు?"

సూరిబాబు చూశాడు. పక్కకి జరిగి, వంగి మరీ చూశాడు.

"ఏమోరా, తెలీట్లేదు," అన్నాడు.