పోతయ్య బ్యాడ్జీ

మా దీవులకు స్వాతంత్ర్యం వచ్చిన నాలుగో ఏడు మా బావ పోతయ్యకు కొలువు దొరికింది. నాండీ పక్కన, మా చెరకు పొలాలకు ఎదురుగా సముద్రపొడ్డున, దేశదేశాల్లో హోటళ్ళున్న ఓ పెద్ద కంపెనీ కొత్త హోటలు కట్టింది. ఊళ్ళో చిన్న హోటళ్ళవాళ్ళు కడుపుమంటతో చూస్తుంటే, మా బావ పేరు చెక్కిన బ్యాడ్జీ తగిలించుకుని తోట ఊడ్చేవాడు. ఆ జీతంతోనే కూతురు శోభన లౌటోకాలో చదువుతోంది. కొలువు పోతే చదువూ పోతుంది.

చిక్కల్లా చెరకు కోత రోజుల్లోనే. మా కోత గ్యాంగులో ఒక పద్ధతుంది. రాలేనివాడు బదులు మనిషిని పంపాలి. సర్దారు పేరు పిలిస్తే ఎవరో ఒకరు పలికితే చాలు, నువ్వెవరని అడగడు. హోటలైనా అంతేననుకున్నాం. బావ కోతకు వెళ్ళిన రోజు ఆ బ్యాడ్జీ నేను పెట్టుకునేవాణ్ణి, నాకు కుదరకపోతే మా పొరుగు బిజేంద్ర పెట్టుకునేవాడు. ఇది మోసమని మాకెవరికీ తోచలేదు. ఏడాదికొక మేనేజరు మారేవాడు. వచ్చిన ప్రతివాడూ బ్యాడ్జీ చదివి "గుడ్ మార్నింగ్, పోతయ్యా" అనడమే తప్ప, ముఖం దాకా కళ్ళెత్తిన పాపాన పోలేదు. బిజేంద్ర నాకంటే జానెడు పొట్టి. బావది నున్నటి బట్టతల.

మూడేళ్ళు గడిచాయి. ఒక్కరోజైనా నాగా పెట్టనివాడు పోతయ్య ఒక్కడేనని కంపెనీ తేల్చి సన్మానం పెట్టింది. సరిగ్గా ఆ పొద్దునే మిల్లు లారీ రావడంతో బావ కత్తి పట్టుకుని పొలంలో ఉండిపోయాడు. స్టేజి మీద పేరు పిలిచారు. అలవాటు కొద్దీ నేను లేచాను. దండ వేసి ఫోటో తీశారు. దానికి అద్దం కట్టించి, కింద పోతయ్య అని రాసి, గేటు పక్కనే తగిలించారు.

సోమవారం బావ పనికి వెళ్తే, సువా నుంచి వచ్చిన కొత్త కాపలావాడు ఆపేశాడు. ఫోటోలో తలనిండా జుట్టుంది కదా, ఈ బ్యాడ్జీ ఎక్కడ కొట్టేశావన్నాడు. మేనేజరు వచ్చాడు. ఎన్నడూ మా ముఖం చూడని ఆ పెద్దమనిషి ఫోటోను మాత్రం శ్రద్ధగా చూసి, ఇతను పోతయ్య కాదని తేల్చేశాడు. బ్యాడ్జీ లాక్కుని బావను బయటికి పంపారు.

సాయంత్రం యంగోనా వేరు పిండిన మత్తునీళ్ళు తాగుతూ కూర్చున్నాం. నాకు తలెత్తాలంటే సిగ్గేసింది. వెళ్ళి నిజం చెప్పేస్తానన్నాను. చెబితే ఆ ఒక్క కొలువూ పోతుందన్నాడు బావ. కొబ్బరిచిప్ప ఖాళీ చేసి, తాగాక కొట్టాల్సిన మూడు చప్పట్లు మర్యాదగా కొట్టి, నా వైపు తిరిగాడు.

"తోటలో ఇంకో ఆద్మీ కావాలంట. రేపు పోయి నీ పేరు చెప్తా. నీకు ఆ పేరుతో ఇప్పుడు కామ్ ఏముంది?"

అలా మా బావ నా పేరుతో, రామన్నగా చేరాడు. ఈసారి పేచీ పెట్టడానికి గేటు పక్కన రామన్న ఫోటో లేదు గనక కాపలావాడూ వదిలేశాడు. లాక్కున్న బ్యాడ్జీ నా చేతికొచ్చింది, నేను పోతయ్యగా స్థిరపడ్డాను. శోభన చదువు సాగింది. కొన్నాళ్ళకు ఆ కాపలావాడికీ, మేనేజరుకీ బదిలీ అయింది.

మొన్న నాకు జ్వరమొచ్చింది. పోతయ్య నాగా పెట్టకూడదు. బావ అలవాటుగా బ్యాడ్జీ అందుకున్నాడు. అంతలో ఫోటో గుర్తొచ్చి, తల తడుముకుని, దాన్ని బిజేంద్ర చేతికిచ్చాడు. బిజేంద్ర జుట్టు దువ్వుకుని హోటలుకు బయల్దేరాడు.

బావ నవ్వబోయాడు గాని, నవ్వు రాలేదు.

"ఎవడన్నా పోతయ్య అవొచ్చు రామన్నా, నేను తప్ప."