తీగ కొసన గాజులు

జర్మనీతో లడాయి మొదలైందని లాడ్ బజార్‌లో అందరూ చెప్పుకున్న కొన్నాళ్లకే చౌకీ జవాను దస్తగీర్ కళావతి ఇంటి ముందు వచ్చి నిలబడ్డాడు. రేడియో పెట్టెను సర్కారు మనుషులు అంతకు ముందే పట్టుకుపోయారు. ఇక మిగిలింది మిద్దె మీది తీగ.

"హుకుం వచ్చిందమ్మా. పొద్దుగూకేవరకు తీగ దించాలెనంట. నన్ను తిట్టకుండ్రి, నా చేతుల ఏం లేదు," అన్నాడు తలెత్తకుండా.

"దించుడేంది, కత్తిరిస్తే అయిపాయె," అంటూ మరిది రామ్‌చందర్ పట్టకారు తెచ్చాడు.

"కత్తిరించకు!" అంది కళావతి.

ఏడాదిగా ఆ ఇంట్లో ఆమె గొంతు అంత గట్టిగా ఎవరూ వినలేదు. అత్త ఆగమ్మ బియ్యం చేట పక్కన పెట్టి కోడలి వంక చూసింది.

ఆ తీగ కళావతి భర్త పురుషోత్తం కట్టింది. చేసేది గాజుల వ్యాపారమే అయినా ఆయన ప్రాణమంతా రేడియో మీదే ఉండేది. చెవులకు డిప్పలు తగిలించుకుని, టకటకమని మీట కొడుతూ రంగూన్‌లో ఎవరితోనో, కొలంబోలో ఎవరితోనో మాట్లాడేవాడు. "పొడుగు అలను పట్టాలంటే తీగ గూడ పొడుగే ఉండాలె కళా," అని తమ మిద్దె మీద ఒక టేకు స్తంభం, గల్లీ అవతల అక్తరున్నీసా మిద్దె మీద ఇంకొకటి నిలబెట్టి, నడుమ రాగి తీగ లాగాడు. భూమిలోకి దిగే తీగ కోసం వాకిట్లో గుంత తవ్వి బొగ్గు, ఉప్పు నింపాడు. ఆ గుంత ఎండిపోతే రేడియో సరిగా పలకదట. రోజూ పొద్దున అందులో బిందెడు నీళ్లు పోయడం కళావతి వంతు. "తులసమ్మకు చెంబెడు, పెట్టెల దయ్యానికి బిందెడు," అని ఆగమ్మ గొణిగేది. అతను పోయాక కూడా కళావతి నీళ్లు పోయడం మానలేదు.

తీగను తాడుకు ముడివేసే చోట కరెంటు జారిపోకుండా పింగాణీ ముక్కలు కట్టాలి. అవి దొరకలేదు. గాజులవాడు కదా, తీగ రెండు కొసలకు మూడేసి చొప్పున కొలిమిలో చిటికెన వేలంత లావు పచ్చ గాజులు పోయించాడు. లోపలి కొలత ఎంతని కొలిమివాడు అడిగితే కళావతి చేతి కొలత చెప్పాడు. "నాకు నోటికి వచ్చిన కొలత గదొక్కటే," అన్నాడు ఇంటికొచ్చి. కట్టేముందు ఒకటి ఆమె చేతికి వేసి చూశాడు. సబ్బు నురగ పెడితేగాని ఎక్కలేదు. తీసేటప్పుడు ఇంకా లొల్లి అయింది. వాళ్ల నవ్వులు విని అవతలి మిద్దె పిట్టగోడ చాటు నుంచి అక్తరున్నీసా, "ఏం కళావతీ, మీ ఆయన దుకాణం ఇంటికే తెచ్చిండా?" అని ఎకసక్కెమాడింది.

స్తంభం ఎక్కితే అక్తరున్నీసా జనానా వాకిలి మొత్తం కనబడుతుంది. మగవాడు ఎక్కాలంటే ముందు "పర్దా! పర్దా!" అని కేకేసి, ఆడవాళ్లంతా లోపలికి పోయేదాకా ఆగాలి. వానాకాలంలో స్తంభం కొసన తాడు తిరిగే గిలక తుప్పుపట్టి, తీగ వదులై మాటిమాటికీ ఎక్కవలసి వచ్చేది. అందుకని ఆ పని కళావతికి వచ్చింది. ఆమె చీర కాసెపోసి ఎక్కేది. అతను కింద తాడు పట్టుకుని, గిలకకు నూనె వెయ్యమనీ ముడి చూడమనీ చెప్పేవాడు.

పోయిన వానాకాలం గాలికి తీగ తెగేలా ఊగిన రోజున కళావతి ముట్టుతో మూలగదిలో దూరంగా కూర్చుని ఉంది. ఏదీ తాకకూడదు. పురుషోత్తమే కేకేసి ఎక్కాడు. అవతల అందరూ లోపలికి పోయారో లేదో తెలియక, మర్యాదకు మొహం తిప్పుకుని దిగాడు. స్తంభానికి కొట్టిన మెట్టు తడిసి ఉండడం చూసుకోలేదు. చప్పుడు విని లేచిన కళావతి, గడప దాటవచ్చా అని ఒక్క క్షణం ఆగింది.

పదోనాడు ఆమె చేతి గాజులన్నీ పగలగొట్టారు. తీగ కొసన ఉన్నవి ఎవరికీ గుర్తు రాలేదు.

"కత్తిరిస్తే తీగ కొరడా లెక్క పోయి గోడకు కొడ్తది. గాజులు పగుల్తయి," అంది కళావతి, మరిది వెనకే మిద్దె ఎక్కుతూ.

"గాజుల కోసం గింత లొల్లేంది వదినా? దుకాణం నిండ గాజులే గద!"

"గిలక బిగుసుకుపోయింది. ఎక్కి విప్పాలె. నేనెక్కుత."

"నువ్వా? నల్గురు చూస్తే ఏమంటరు?"

"నల్గురు గల్లీల ఉన్నరు. నువ్వు గూడ గల్లీలకే పో," అని వెనకే మిద్దె ఎక్కి వచ్చిన ఆగమ్మ కొడుకును కిందికి పంపింది.

అక్తరున్నీసా అవతలి మిద్దె మీదికి వచ్చింది. పురుషోత్తం పడిన రోజు తర్వాత ఆమె అక్కడికి రావడం ఇదే మొదలు. "కళావతీ, నీ దిక్కు నువ్వు చూసుకో. నా దిక్కు నేను పట్టుకుంట. ఒక్కటి గూడ పగలనియ్య, ఫికర్ చెయ్యకు!"

కళావతి తెల్లచీర కాసెపోసి ఎక్కింది. ముడి విప్పి, తీగను మెల్లగా జారవిడిచింది. అవతల అక్తరున్నీసా దాన్ని చేతులకు చుట్టుకుంటూ లాక్కుంది. కళావతి చేతిలో మూడు పచ్చ గాజులు మిగిలాయి. రెండింటిని ఒడిలో వేసుకుంది. మూడోదాన్ని దుమ్ము తుడిచి చేతికి ఎక్కించుకుంది. అది ఎక్కడా ఆగకుండా మోచేతి దాకా పోయింది.

దిగేసరికి ఆగమ్మ స్తంభం మొదలు రెండు చేతులతో పట్టుకుని ఉంది. కోడలి చేతిని చూసింది. ఆగమ్మ చేతులు బోడివై ఎన్ని ఏళ్లయిందో ఆ ఇంట్లో ఎవరూ లెక్కపెట్టలేదు.

"తియ్యి బిడ్డా," అంది మెల్లగా. "రామ్‌చందర్ మిద్దె మీదికి వస్తుండు."

కళావతి చెయ్యి కిందికి వాల్చింది. గాజు తనంతట తానే జారి అత్త అరచేతిలో పడింది.

"ఇంట్ల ఉంచరాదు. గట్లని పగలగొట్టబుద్ధి గూడ అయితలేదు," అంది ఆగమ్మ.

"నా పెట్టెల పెడ్తనమ్మా," అంది అక్తరున్నీసా అవతల నుంచి. "నా దిక్కు మూడు గూడ మంచిగనే ఉన్నయి. కళావతికి చూడాలనిపించినప్పుడు వస్తది."

గాజులు కొంగున మూటకట్టుకుని, వాటిని ఇచ్చి రావడానికి ఆగమ్మే గల్లీ దాటింది.

మర్నాడు పొద్దున కళావతి తులసికి చెంబెడు పోసి, అలవాటుగా బిందె ఎత్తుకుని గుంత దగ్గరికి వచ్చింది. మిద్దె మీద తీగ లేదు. బిందె చంకనే ఉంచుకుని నిలబడిపోయింది.

ఆగమ్మ చేటలో బియ్యం ఏరుతూ తలెత్తలేదు.

"పొయ్యి బిడ్డా," అంది. "గుంత ఎండిపోతది."