ఒక్క పగటి పువ్వు

ఇడ్లీ పాత్ర మూత తీస్తుండగా ఫోను మోగింది. ఆవిరికి తడిసిన తెరను కొంగుతో తుడిచి లిదియమ్మ చెవి దగ్గర పెట్టుకుంది.

"మా, విచ్చుకునింది," అంది ఆత్మకూరు నుంచి కూతురు సుజన.

ఏది అని లిదియమ్మ అడగలేదు. ఉదయగిరి స్కూలు హాస్టల్లో ఆ వంటగది, రెండు వందల ఇడ్లీలు, పళ్లేలతో వరస కట్టిన పిల్లల గోల, అన్నీ కాసేపు ఎక్కడికో జరిగిపోయాయి.

ఫిబ్రవరిలో పెళ్లయి వెళ్తూ సుజన అడిగింది వాకిట్లోని డేలిల్లీ పూలదుబ్బు నుంచి పిలక ఒక్కటే. లిదియమ్మ దుబ్బును గునపంతో విడదీసి, ఆకులు జానెడు ఎత్తుకు కోసి, తడి గోనెలో చుట్టి ఇచ్చింది. అల్లుడు జోయల్ ఉత్సాహం కొద్దీ మోచేతి లోతు గుంట తీసి, అరటి పిలక పెట్టినట్టు పాతేశాడు. మూడు నెలలు ఆకులే వచ్చాయి. చివరికి లిదియమ్మ ఫోన్లో చెబుతుంటే మొగుడూ పెళ్లాం కలిసి, నవ్వుకుంటూ, దాన్ని పైకెత్తి మళ్లీ నాటారు. వేళ్లు మట్టిలో ఉండాలి, ఆకులు మొదలయ్యే మెడకు గాలి తగలాలి.

ఆ చెట్టుకు ఒక్కో పువ్వు ఒక్క పగలే. పొద్దుతో విచ్చుకుంటుంది, పొద్దుతో ముడుచుకుంటుంది. లిదియమ్మ వాకిట్లో ఇరవై ఏళ్లుగా ఉన్నా, అది పూసేది తొలి వానలకు, బడులు తెరిచాక. ఆమె తెల్లారకముందే హాస్టలుకు వచ్చి, దీపాలు పెట్టాక ఇల్లు చేరేది. ఆదివారం కోడికూర, పని ఇంకా ఎక్కువ. పొద్దున మొగ్గను తడిమి వచ్చేది. సాయంత్రం వాడిన పువ్వును తుంచేది. అది తడిపేలికలా వేళ్లకు అంటుకునేది. మధ్యలో జరిగింది, సుజన బడి నుంచి వచ్చి చూసినంత, రాత్రి చెప్పేది. చిన్నప్పుడు తన తల్లి పెరట్లో చూసిన పువ్వు రంగు లిదియమ్మకు గుర్తుంది గాని, ఆకారం జారిపోయింది.

తన వాకిటి పువ్వు కోసం సెలవడగాలని ఆమెకు ఎన్నడూ తోచలేదు. కూతురి వాకిటి పువ్వుకు తోచింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక వెళ్లమన్నాడు వార్డెను. ఆమె బియ్యం కడిగింది, గంజి వార్చింది, పప్పు ఎనిపింది. ముంజేతుల మీద పాత కాలిన మచ్చలు చెమటకు మెరిశాయి. మధ్యమధ్య గరిటె గాల్లో అలాగే ఆగిపోయేది. తోటి వంటమనిషి శీనమ్మ చూస్తూనే ఉంది.

"పెండ్లికూతురు సుజనా, నువ్వా? సాంబారులో ఉప్పు రెండుమార్లేసినావు."

లిదియమ్మ సిగ్గుపడి నవ్వి, సాంబారులో ఇంకో చెంబు నీళ్లు పోసింది. బయలుదేరే ముందు నడుముకు దోపుకున్న స్టోరుగది తాళంచెవి తీసి పొయ్యి పక్క మేకుకు తగిలించింది. ఇరవై ఏళ్లుగా అది ఆమెను వదిలి ఉండలేదు. అది ఒరుసుకున్న చోట నడుము మీద వేలెడంత నల్లటి చార ఉంది.

బస్సు ఆలస్యంగా కదిలింది. ఉదయగిరి కొండ కిటికీలోంచి చాలాసేపు వెంట వచ్చి, ఎప్పుడో ఆగిపోయింది. ఎండ పచ్చబడింది, తరవాత ఎర్రబడింది. లిదియమ్మ పొద్దును కళ్లతో పట్టి ఆపుతున్నట్టు అటే చూస్తూ కూర్చుంది.

ఆమె చేరేసరికి జోయల్ చెట్టు పక్కన గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎండకు త్వరగా వాడుతుందేమోనని మధ్యాహ్నం నుంచి ఇద్దరూ వంతులవారీగా పట్టుకుంటున్నారట. వీధి వీధంతా నవ్విందట.

పువ్వు ముడుచుకుంటోంది. ఆరు నారింజ రెక్కలూ కొసలు లోపలికి తిప్పుకుంటున్నాయి. గొంతులో పసుపు మాత్రం ఇంకా తేటగా ఉంది. లిదియమ్మ చెప్పులు విడిచి నేల మీద చతికిలబడింది. పాపాయి నిద్రపోతుంటే చూసినట్టు, అది పూర్తిగా మూసుకునేదాకా చూసింది. అలవాటుగా తుంచబోయిన చెయ్యి మధ్యలో ఆగింది.

సుజన కళ్లు తుడుచుకుంది. "ఇంకో గంట ముందొచ్చుంటే చూసుందువు గదమా."

"వాడేది నాకు కొత్తా? విచ్చుకునేదే నేనెరగను."

ఆఖరి బస్సుకు టైమవుతోందని, బండి మీద దించుతానని జోయల్ గొడుగు ముడిచాడు. లిదియమ్మ వినిపించుకోలేదు. అదే కాడకు ఇంకో మొగ్గ ఉంది. వేలితో తడిమింది. ఉబ్బి, రెక్కల అతుకుల దగ్గర రంగు తేలుతోంది. ఇరవై ఏళ్లుగా వేళ్లకు తెలిసిన సంగతి అది. ఇది రేపటి మొగ్గ.

"శీనమ్మకు ఫోన్ చెయ్ నాయనా. తాళంచెవి మేకుకుండాది, రేపు నేను రానని చెప్పు. చీకటుండంగనే ఈడ చాప ఏసుకోని కూసుంటా."

ఆ రాత్రి ఉదయగిరిలో, పొయ్యిలు ఆర్పిన వంటగదిలో, నడుము ఒరిపిడికి అరిగి నున్నబడ్డ ఇత్తడి తాళంచెవి మేకుకు వేలాడుతూ మెల్లగా చల్లబడుతోంది.