కిష్టప్ప పంతులు శేర్వాణీ

కిష్టప్ప పంతులు శేర్వాణీ గుండీలు కింది నుంచి పెట్టుకుంటూ వచ్చి, నాలుగోదాని దగ్గర ఆగి ఆయాసం తీర్చుకున్నాడు. ఏప్రిల్ నెల. పొద్దు ఇంకా సరిగ్గా పొడవనే లేదు, పటాన్‌చెరులో గోడలు అప్పుడే సెగలు కక్కుతున్నాయి. అద్దం ముక్కలో చూసుకుంటూ మిగిలిన మూడూ పెట్టుకున్నాడు. యాభై అయిదేళ్ళు నిండాయి, నౌకరీకి ఈ రోజే ఆఖరు. ఈ ఒక్క పూటా పరువుగా గడిస్తే చాలు.

పరువంటే ఇంకేమీ కాదు. లోపల చొక్కా లేదు. వీపంతా జల్లెడైన బనీను ఒకటి ఉంది, దాన్ని బనీను అనడం భార్య ముత్యమ్మ మంచితనం. ఉన్న రెండు చొక్కాలూ నిరుడు కొడుకు మల్లన్న ట్రైనింగుకు వేసుకుపోయాడు. కొత్త ఫ్యాక్టరీలో పని, నలుగురిలో తిరిగే పిల్లవాడు, ఏం వేసుకుంటాడు మరి? తండ్రికైతే శేర్వాణీ ఉంది కదా అనుకున్నారు ఇంటిల్లిపాదీ.

నిజాం రోజుల్లో నౌకరీలో చేరినప్పుడు శేర్వాణీ లేనిదే బడి గడప తొక్కనిచ్చేవారు కాదు. తరవాత ప్రభుత్వాలు మారాయి, ఉర్దూ పాఠాలు పోయి తెలుగు పాఠాలు వచ్చాయి, నెత్తిన టోపీ ఎప్పుడు పోయిందో ఆయనకే గుర్తులేదు. శేర్వాణీ మాత్రం మిగిలింది. నలుపు కాస్తా పొయ్యిలో బూడిద రంగుకు తిరిగింది. మెడపట్టీ లోపల ముత్యమ్మ తన పాత చీర ముక్క వేసి కుట్టింది. 'మింగ మెతుకు లేదు గానీ మీసాలకు సంపెంగ నూనె' అని ఊళ్ళో అనేవాళ్ళు అంటూనే ఉన్నారు. విననట్టు నడిచిపోవడం ఆయనకు ఎప్పుడో అలవాటైంది.

ఒంటిపూట బడి. గంట కొట్టగానే మూడో తరగతి పిల్లలు వరసగా నిలబడ్డారు. కిష్టప్ప రోజూ చేసే పనే చేశాడు. గోళ్ళు చూశాడు, తలలు చూశాడు, చొక్కాల గుండీలు చూశాడు. గుండీ ఊడిన పిల్లలను ఆయన ఏనాడూ కొట్టలేదు. బల్ల సొరుగులో తుమ్మముళ్ళు ఒక డబ్బీ నిండా ఉండేవి. ఒక ముల్లు తీసి, కడుపుకు గుచ్చుకోకుండా వేలు అడ్డం పెట్టి, గుండీ ఉండాల్సిన చోట గుచ్చి పంపేవాడు. ఈ రోజు అయిదుగురికి గుచ్చాడు. అయిదోవాడి దగ్గర వంగి లేచేసరికి కళ్ళు తిరిగి, గోడ పట్టుకోవలసి వచ్చింది. శేర్వాణీ లోపల చెమట వీపు మీదుగా నడుం దాకా కారుతోంది. ఎక్కాలు చెప్పించాడు, పద్యం ఒకటి వల్లె వేయించాడు. కుర్చీలో కూర్చుంటే నిద్ర ముంచుకొస్తుందేమోనని నిలబడే గడిపాడు. ముప్ఫై మూడేళ్ళ అలుపు ఒక్క పూటలో కాళ్ళలోకి దిగినట్టుంది.

హెడ్మాస్టరు రాజారావు గోదావరి వైపునుంచి వచ్చినవాడు. మల్లెపూవులాంటి చొక్కా, చక్కగా గీసిన గడ్డం. టీచరంటే పిల్లలకు ముందు కనబడేది బట్టలేనని ఆయన సిద్ధాంతం. వచ్చిన వారానికే లుంగీలతో బడికి రావద్దనీ, పైగుండీలు విప్పుకు తిరగవద్దనీ కాగితం రాసి అందరితో సంతకాలు పెట్టించాడు. కుర్ర టీచర్లు గొణిగితే, కిష్టప్ప గారిని చూసి నేర్చుకోండి, ఇంత ఎండలోనూ ఆ మనిషి ఒక్క గుండీ విప్పడు అని మందలించేవాడు. ఆ పొగడ్త విన్నప్పుడల్లా కిష్టప్పకు లోపల బనీను గుర్తొచ్చి తల వాలిపోయేది. పొగిడే నోరు మూయించడానికి కూడా ఆయనకు దారి లేకపోయింది.

పదకొండు గంటలకు బడి పిల్లలందరినీ వరండాలో కూర్చోబెట్టారు. పూలదండ వేశారు. రాజారావు నాలుగు మంచి మాటలు చెప్పి, పసుపు దారంతో కట్టిన పొట్లం ఒకటి చేతిలో పెట్టాడు. టీచర్లంతా కలిసి కుట్టించిన తెల్లచొక్కా. కిష్టప్ప కళ్ళకద్దుకున్నాడు. ఇంతటితో గండం గడిచిందనుకున్నాడు పాపం.

"బట్టలు పెట్టినవాళ్ళ ముందే తొడుక్కోవాలండీ కిష్టప్ప గారూ. మా వైపు అదే ఆనవాయితీ," అన్నాడు రాజారావు.

పిల్లలు చప్పట్లు కొట్టారు. కిష్టప్ప పొట్లాన్ని గుండెలకు అదుముకున్నాడు. ఇంటికి పోయి తొడుక్కుంటానన్నాడు. దండ నలుగుతుందన్నాడు. మొహమాటమనుకున్నారు అందరూ. ఎవరో దండ తీసి పక్కన పెట్టారు. రాజారావు నవ్వుతూ దగ్గరికొచ్చి, సొంత అన్నగారికి చేసినట్టు తన చేత్తోనే మెడ దగ్గరి గుండీ విప్పాడు. దాని కిందిదీ విప్పాడు.

"జెర ఆగుండ్రి సార్," అన్నాడు కిష్టప్ప.

రాజారావు ఆగాడు. ఎదుటి మనిషి రొమ్ము ఎముకలు కనిపించాయి, వాటి మీద పీలికలైన బనీను కనిపించింది. అటు మళ్ళి చూస్తే మూడో తరగతి పిల్లలు మెడలు చాచి చూస్తున్నారు. ఆయన వాళ్ళకు అడ్డంగా జరిగాడు. రెండు గుండీలూ మళ్ళీ పెట్టాడు. ఇన్నాళ్ళూ ఎవరిని చూపించి ఏం మాట్లాడానా అని ఆయన మొహం సిగ్గుతో కందిపోయింది. తరవాత వెనక్కి తిరిగి, కిష్టప్ప గారికి శేర్వాణీయే అందం, మా వైపు ఆనవాయితీ ఆయన మీద రుద్దడమెందుకని గట్టిగా చెప్పాడు. దండ తెచ్చి తానే మళ్ళీ మెడలో వేశాడు.

ఎండలో ఇంటికి నడుస్తుంటే కిష్టప్పకు ఏడుపూ రాలేదు, నవ్వూ రాలేదు. ఒక్క మనిషి చూశాడు, చూసినవాడు కప్పాడు అనుకున్నాడు. ఆ తలపుతో గుండె ఎంత తేలికపడిందో ఆయనకే ఆశ్చర్యమేసింది. ముత్యమ్మ పొట్లం విప్పబోతే వద్దన్నాడు.

"బడి తెరిసినంక పింఛన్ కాయిదాల కోసం పోవాలె గద. గప్పుడు ఆ సార్ ముందలనే తొడుక్కుంట. ఆయన ముందల నాకు ఇగ సిగ్గు లేదు," అన్నాడు.

మే నెల నడుమన, ఒక మధ్యాహ్నం గడపలో చాప వేసుకుని పడుకున్న కిష్టప్ప మళ్ళీ లేవలేదు. ఎండదెబ్బ అన్నారు కొందరు. అలుపు అంది ముత్యమ్మ.

జూన్‌లో బడి తెరిచిన రోజు ఆమె ఒక్కతే వచ్చి హెడ్మాస్టరు గది గుమ్మంలో నిలబడింది. కబురు అప్పటికే అందిన రాజారావు కుర్చీలోంచి లేచాడు. ఆమె కొంగు చాటునుంచి పొట్లం తీసి బల్ల మీద పెట్టింది.

"మీ ముందలనే తొడుక్కుంటనన్నడు సార్. తెచ్చిన," అంది.

ఆమె వెళ్ళిపోయింది. మధ్యాహ్నం గంట కొట్టారు, పిల్లలు అన్నాలకు ఇళ్ళకు పోయారు. రాజారావు ఇంకా అక్కడే కూర్చుని ఉన్నాడు. ఎదురుగా బల్ల మీద, పసుపు దారం ముడి విప్పని పొట్లం.